చేయని తప్పుకు మాట పడినప్పుడు

మా చర్చి సంఘంలో కానుకల లెక్క చూసేది నేను. చేయని తప్పుకు మాట పడితే ఎంత సలుపుతుందో నాకు తెలుసు. అలాంటి మాట పడ్డవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మాట పడిన వెంటనే జవాబు చెప్పకండి. "ఆలోచించుకుని మాట్లాడతాను" అని అక్కడి నుంచి కదలండి. తర్వాత తలుపు వేసుకుని ఆ మంటంతా ప్రభువుకే చెప్పండి. మెత్తటి మాటలు వెతుక్కోనక్కర్లేదు. యెరూషలేము గోడ కడుతుంటే ఎగతాళి చేసినవాళ్ళ మీద నెహెమ్యా ఎంత ఘాటుగా ప్రార్థించాడో బైబిల్లో నెహెమ్యా గ్రంథం 4వ అధ్యాయంలో చూడండి. ఆ ఘాటంతా దేవుని దగ్గరే వదిలేసి ఆయన మళ్ళీ గోడ పనికి వెళ్ళాడు.

మనసు కుదుటపడ్డాక, అన్న మాటలో పిసరంత నిజమైనా ఉందేమో చూసుకోండి. ఉంటే అంతవరకు ఒప్పుకోండి.

జవాబు ఎలా చెప్పాలో నేను 1 సమూయేలు 1వ అధ్యాయంలోని హన్నా దగ్గర నేర్చుకున్నాను. బిడ్డ కోసం మనసులోనే ప్రార్థిస్తూ ఆమె పెదవులు మాత్రమే కదులుతుంటే, తాగి ఉందనుకుని యాజకుడు ఏలీ గద్దించాడు. ఏలీ కొడుకులు దుర్మార్గులని తర్వాతి అధ్యాయంలోనే ఉంది. "ముందు నీ ఇల్లు చక్కబెట్టుకో" అని ఆమె అనొచ్చు. అనలేదు. "నా యేలినవాడా" అని గౌరవంగా పిలిచింది. తాగలేదని చెప్పింది, తాను చేస్తున్నదేమిటో చెప్పింది, ఆగిపోయింది. నిందించిన ఆ నోరే ఆమెను దీవించి పంపింది.

కానుకలు తగ్గాయని ఒకాయన అందరిలో నన్ను అనుమానించినప్పుడు నేనూ అలాగే చెప్పాను: "అన్నా, నేను డబ్బు తీయలేదు. ఇద్దరం లెక్కపెట్టి ఇద్దరం సంతకం చేసిన పుస్తకం ఇదిగో. కూర్చుని చూద్దాం రండి." ఆయన రాలేదు. నేను మళ్ళీ వివరించలేదు.

ఓర్పు అంటే నోరు మూసుకోవడమే అనుకునేవాళ్ళు యోహాను 18:23 చదవాలి. చెంప మీద కొట్టినవాణ్ణి యేసు "ఎందుకు కొట్టావు?" అని అడిగాడు. వింత చూడాలని ఆశపడ్డ పాలకుడు హేరోదు ముందు మాత్రం ఒక్క మాటా పలకలేదు. వినే ఉద్దేశం ఉన్నవాడికి నిజం చెప్పండి, తమాషా చూడటానికి వచ్చినవాడికి అక్కర్లేదు. న్యాయం తప్పి హాని చేస్తే గట్టిగా అడగడం కూడా తప్పు కాదు. ఫిలిప్పీ పట్టణంలో అధికారులు అపొస్తలుడైన పౌలును విచారణ లేకుండా కొట్టించి, ఆపై రహస్యంగా పంపేయబోతే, వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలని ఆయన పట్టుబట్టాడు.

ఒక జాగ్రత్త. "నా కోసం ప్రార్థించండి" అంటూ పదిమందికి ఆ మనిషి పేరు చెప్పుకుంటూ తిరిగితే, అది ప్రార్థన అంశం కాదు, చాడీయే. నేరుగా, ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని మత్తయి 18:15లో ప్రభువే చెప్పాడు.

ఇక ఆ మనిషిని తప్పించుకుని తిరగకండి. ఆదివారం ఎదురైతే ముందు మీరే "వందనాలు" అనండి. పలకకపోతే వచ్చే ఆదివారం మళ్ళీ అనండి.