ఆమ్లాలు, క్షారాలు – 3వ పాఠం: పారాణి ఎరుపును పోగొడదాం

పోయిన పాఠంలో పసుపు పూసిన కాగితానికి సబ్బు నీళ్లు తగిలితే ఎర్రబడటం చూశాం కదా, పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి ఎరుపు కూడా అదే, పసుపులో సున్నం కలిపితే వచ్చేది. ఇవాళ ఆ ఎరుపును మళ్లీ పసుపుగా మారుస్తాం. స్కూల్లో నేను "ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు" అని బట్టీ పట్టి, ఒక్క చుక్క కూడా కలపకుండానే పరీక్ష రాసేశాను. మీరు అలా చెయ్యొద్దు.

తాంబూలంలో వాడే తడి సున్నం అర చెంచా తీసుకుని గ్లాసుడు నీళ్లలో కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పైన తేరిన సున్నపు తేటను కదపకుండా వంచుకోండి. రెండు టీస్పూన్ల తేటలో చిటికెడు పసుపు వేస్తే ఎర్రగా అవుతుంది. ఇప్పుడు వడకట్టిన నిమ్మరసాన్ని డ్రాపర్‌తో ఒక్కో చుక్కే వేస్తూ, ప్రతిసారీ కలుపుతూ, లెక్క రాసుకోండి.

చుక్క పడిన చోట పసుపు మచ్చ కనిపించి, కలపగానే మాయమవుతుంది. నిమ్మరసం ఆమ్లం, సున్నపు తేట క్షారం. నిమ్మరసంలోని హైడ్రోజన్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) తేటలోని హైడ్రాక్సైడ్ అయాన్లతో కలిసి నీరైపోతున్నాయి, కానీ హైడ్రాక్సైడ్ ఇంకా మిగిలి ఉంది, అందుకే ఎరుపు తిరిగొస్తోంది. అలా వేస్తూ పోతే ఏదో ఒక చుక్కకి గ్లాసంతా పసుపైపోతుంది, ఇక తిరిగి ఎర్రబడదు. ఆ చుక్క దగ్గర ఆగండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పసుపు రంగు వచ్చిందంటే తటస్థమైందని, అంటే ఆమ్లం, క్షారం రెండూ మిగలకుండా సరిపోయాయని, కచ్చితంగా చెప్పలేం, ఎందుకంటే పసుపు మామూలు నీళ్లలోనూ పసుపుపచ్చగానే ఉంటుంది, ఆమ్లంలోనూ పసుపుపచ్చగానే ఉంటుంది, కాబట్టి మీరు పది చుక్కలు ఎక్కువ వేసినా అది మీకు చెప్పదు. అనుమానం వస్తే తేట కొద్దికొద్దిగా తిరిగి వేసి చూడండి. కొంచానికే ఎర్రబడితే మీరు సరైన చోటుకి దగ్గరలోనే ఉన్నట్టు.

ఇప్పుడు నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి, కొత్త తేటతో మొదటినుంచీ మళ్లీ చెయ్యండి. చుక్కలు దాదాపు రెట్టింపు పడతాయి. తేటను తటస్థం చెయ్యడానికి కావలసిన ఆమ్లం మారలేదు, ఒక్కో చుక్కలో ఉన్న ఆమ్లమే సగానికి తగ్గింది. ల్యాబ్‌లో బ్యూరెట్ (కొలతగీతలు, కింద కుళాయి ఉన్న గాజు గొట్టం) పట్టుకుని చేసే టైట్రేషన్, అంటే ఎంత ద్రవం పడితే సరిపోయిందో కొలిచే పద్ధతి, అంతా ఈ లెక్కే.

ఒక్క జాగ్రత్త, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. పిల్లలతో చేస్తుంటే కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు పెట్టండి, సున్నం డబ్బా వాళ్ల చేతికివ్వకండి. ఒకవేళ పడితే, తటస్థీకరణం నేర్చుకున్నాం కదా అని నిమ్మరసం అస్సలు వెయ్యొద్దు, అది కంటికి ఇంకో దెబ్బ. వెంటనే కనీసం 20 నిమిషాలు మంచినీళ్ల ధార కింద కడిగి, ఆస్పత్రికి పరుగెత్తాలి.

వచ్చే పాఠం పీహెచ్ గురించి, ఒక ద్రవం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పడానికి 1909లో డెన్మార్క్‌లో సోరెన్‌సన్ అనే శాస్త్రవేత్త ప్రవేశపెట్టిన కొలత. దానికి నాలుగు ఎర్ర మందారాలు, కొంచెం వంటసోడా, మీరు రాసుకున్న ఈ చుక్కల లెక్క దగ్గర పెట్టుకోండి.