స్టేటస్‌లు చూసి కుమిలిపోకుండా: మ్యూట్ బటన్, 73వ కీర్తన

ఇతరుల స్టేటస్‌లు చూసి అసూయపడకుండా ఉండటానికి నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. అసూయ పుట్టాక ప్రార్థిస్తే సరిపోదు, దాన్ని రేపే తెరనూ సర్దాలి. వాట్సాప్‌లో స్టేటస్‌ను నొక్కిపట్టి మ్యూట్ చేస్తే అవతలివాళ్లకు తెలియదు. ఇన్‌స్టాగ్రామ్‌లో వాళ్ల ప్రొఫైల్‌లోని ఫాలోయింగ్ నొక్కితే మ్యూట్ కనిపిస్తుంది. పోస్టులు, స్టోరీలు రెండూ ఆపాలి. స్టోరీలు వదిలేస్తే కొత్త ఇళ్లు, కార్లు అక్కడినుంచే వచ్చిపడతాయి.

పొద్దున ఫోన్ ముట్టకముందే బైబిల్లోని 73వ కీర్తన 28 వచనాలూ చదవాలి. 3వ వచనం దగ్గర ఆపేస్తే మత్సరమే మిగులుతుంది. మలుపు 17వ వచనంలో ఉంది, ఆ కీర్తన రాసిన ఆసాపు దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక. ఎవరిమీద కుళ్లు పుట్టిందో వాళ్ల పేరెత్తి మేలు కోరుతూ ప్రార్థించడం కష్టమే, కానీ అన్నిటికంటే పనిచేసేది అదే. తోటి శిష్యుడు యోహాను సంగతేంటని పేతురు అడిగితే యేసు ప్రభువు "అది నీకేమి?" అన్నారు (యోహాను 21:22). సంఘంలో ఇతరుల సాక్ష్యాలు వింటున్నప్పుడూ ఈ వచనం అక్కరకొస్తుంది.