ఐరిష్ స్టౌట్‌ని ఇంట్లో సరిగ్గా పోసుకోవడం ఎలా?

స్టౌట్ అంటే వేయించిన బార్లీతో చేసే నల్లటి బీరు, ఐర్లాండ్‌లో దాని పెద్ద పేరు గిన్నిస్. గిన్నిస్ ఐర్లాండ్ దాటితే రుచి తగ్గుతుందని డబ్లిన్‌లో ఎవరిని కదిపినా చెబుతారు. అది వట్టి గొప్ప అనుకోవడానికి లేదు. 2011లో జర్నల్ ఆఫ్ ఫుడ్ సైన్స్‌లో ఒక అధ్యయనం వచ్చింది. పరిశోధకులు 14 దేశాల్లో 33 నగరాలు తిరిగి, పబ్బుల్లో గిన్నిస్ తాగి నూటికి మార్కులు వేశారు. ఐర్లాండ్‌లో తాగిన వాటికి సగటున 74, మిగతా చోట్ల 57 వచ్చాయి. ఎక్కడ కూర్చుని తాగుతున్నారో వాళ్లకు తెలుసు కాబట్టి కొంత అభిమానం కలిసి ఉండొచ్చు. అయినా అంత తేడా అభిమానం ఒక్కదాని వల్లే వచ్చిందంటే నేను నమ్మను.

డబ్లిన్ మధ్యలో పారే లిఫీ నది నీళ్ల మహిమ అని కొందరంటారు. గిన్నిస్ తయారుచేసే డబ్లిన్ బ్రూవరీకి నీళ్లు వచ్చేది విక్లో కొండల నుంచి, లిఫీ నుంచి కాదు. పైగా 2005లో లండన్‌లో గిన్నిస్ వాళ్ల పార్క్ రాయల్ బ్రూవరీ మూసేశాక బ్రిటన్ పబ్బుల్లో పోసే గిన్నిస్ కూడా డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ నుంచే వెళ్తోంది. బీరు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడొస్తోంది? పీపా ఎన్ని రోజుల్లో ఖాళీ అవుతోంది, పైపులు ఎప్పుడు కడిగారు, గ్లాసుకి జిడ్డు ఉందా, పోసేవాళ్లకి ఓపిక ఉందా. అంతా వీటిలోనే ఉంది. చదువుకునే రోజుల్లో డబ్లిన్‌లో ఒక పబ్బులో పార్ట్‌టైమ్ చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పీపా, పైపులు ఉండవు. మిగిలినవన్నీ మన చేతిలోనే ఉన్నాయి. అయినా మనవాళ్ల ఇళ్లలో నూటికి తొంభై మంది దీన్ని పాడుచేసే తాగుతారు.

1. కొనడం

‘డ్రాట్’ (పబ్బులో ట్యాప్ నుంచి పోసే రకం) అని రాసి ఉన్న క్యాన్ తీసుకోండి. 440 మిల్లీలీటర్లదైనా 500 దైనా సరే, 568 పట్టే పింట్ గ్లాసులో సరిపోతుంది. తేదీ చూసి ఉన్నవాటిలో తాజాది ఏరుకోండి. ‘ఎక్స్‌ట్రా స్టౌట్’ సీసా, 7.5 శాతం ఆల్కహాల్ ఉండే ‘ఫారిన్ ఎక్స్‌ట్రా’ మంచివే గానీ వాటి దారి వేరు. వాటిలో నైట్రోజన్ ఉండదు, కింద చెప్పే పద్ధతి పనికిరాదు. చేదు మరీ వద్దనుకుంటే కార్క్ నగరంలో పుట్టిన మర్ఫీస్ తీసుకోండి, కాస్త మెత్తగా ఉంటుంది. శాకాహారులకు ఒక మాట: గిన్నిస్‌ని తేర్చడానికి ఒకప్పుడు చేప తిత్తితో చేసిన జిగురు వాడేవారు. ఇప్పుడు మానేశారు.

2. చల్లబెట్టడం

ఫ్రిజ్‌లో ఒక రోజు, నిలబెట్టి ఉంచండి. ఫ్రీజర్ వద్దు. గ్లాసులో ఐస్ అసలే వద్దు. 6, 7 డిగ్రీలు సరైన చల్లదనం. ఫ్రిజ్ అంతకంటే చల్లగా ఉంటే తీసి ఐదు నిమిషాలు బయట పెట్టండి. సరిగ్గా చల్లబడని క్యాన్ తెరవగానే పొంగి బల్ల మీద పోతుంది.

3. గ్లాసు

అడుగున సన్నగా, పైకి వెడల్పుగా ఉండే పింట్ గ్లాసు కావాలి. స్టీలు గ్లాసు, కాఫీ మగ్గు, ప్లాస్టిక్ కప్పు పనికిరావు.

ఆ గ్లాసులో ఎప్పుడూ పాలు, మజ్జిగ పోసి ఉండకూడదు. మన వంటింట్లో ఇంకో సమస్య ఉంది. రోజూ తాలింపు ఆవిరి తగిలే అరలో పెట్టిన గ్లాసుకి కంటికి కనిపించని నూనె పొర పట్టి ఉంటుంది. ఆ పొర తగిలితే నురగ నిమిషంలో చచ్చిపోతుంది. వేడినీళ్లతో, కొద్దిగా సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా తొలిచి, బోర్లించి ఆరనివ్వండి. గుడ్డతో తుడవొద్దు, గుడ్డకీ జిడ్డు ఉంటుంది. శుభ్రపడిందో లేదో తెలియాలంటే లోపల నీళ్లు తిప్పి ఒంపేయండి. నీరు పలచటి పొరలా సాఫీగా జారితే శుభ్రం. చుక్కలు చుక్కలుగా అంటుకుని నిలబడితే మళ్లీ కడగాలి.

4. పోయడం

పాడుచేసేవాళ్లంతా ఇక్కడే పాడుచేస్తారు, కాబట్టి తొందరపడకుండా చదవండి.

మామూలు బీరులో ఉండేది కార్బన్ డయాక్సైడ్. డ్రాట్ స్టౌట్‌లో దానితోపాటు నైట్రోజన్ ఉంటుంది. నైట్రోజన్ నీటిలో సులువుగా కరగదు, బయటికి వచ్చేటప్పుడు చాలా చిన్న బుడగలుగా వస్తుంది. నాలుకకి మీగడలా తగిలేది ఆ చిన్న బుడగలే. గిన్నిస్‌లో పనిచేసిన మైకేల్ ఆష్ అనే గణితవేత్త చేతిలో ఈ పద్ధతి కుదిరి 1959లో పబ్బులకు వచ్చింది. క్యాన్‌లోకి రావడానికి 1988 దాకా పట్టింది. క్యాన్ లోపల ‘విడ్జెట్’ అనే చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, ఇప్పటి క్యాన్లలో అది బంతి ఆకారంలో ఉంటోంది. మూత తెరవగానే లోపలి ఒత్తిడి పడిపోతుంది, విడ్జెట్‌లో దాగిన గ్యాస్ సన్నటి రంధ్రంలోంచి చిమ్ముకొస్తుంది, దాంతో బీరంతా ఒక్కసారి కదిలి బుడగలు లేస్తాయి. ఇది ఒక్కసారే జరుగుతుంది. ఆ బుడగలు బీరులో ఉండగానే మొత్తం గ్లాసులోకి చేరిపోవాలి.

క్యాన్‌ని ఊపకుండా బల్ల మీద నిలబెట్టి తెరవండి. బుస్సుమంటుంది. మూడు అంకెలు లెక్కపెట్టండి. గ్లాసుని 45 డిగ్రీలు వంచి, క్యాన్ అంచుని గ్లాసు అంచుకి దగ్గరగా తెచ్చి, ధారాళంగా ఒంపండి. గ్లాసు ముప్పావు నిండేసరికి నెమ్మదిగా నిటారు చేస్తూ రండి, ధార మాత్రం ఆగకూడదు. చివరికి క్యాన్ దాదాపు తలకిందులై ఉండాలి, ఆఖరి చుక్క కూడా గ్లాసులో పడాలి.

నురగ ఎక్కువొస్తుందనే భయంతో మనవాళ్లు లాగర్ (మామూలు లేత రంగు బీరు) పోసినట్టు గ్లాసు గోడ వెంబడి సన్నటి ధారగా పోస్తారు. అలా పోస్తే బుడగలు క్యాన్‌లోనే చచ్చిపోతాయి, గ్లాసులోకి చప్పటి నల్లనీళ్లు వస్తాయి. ఎత్తు నుంచి దభాలున పోసినా తప్పే, సబ్బు నురగలాంటి పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. పోశాక గ్లాసుని గుండ్రంగా తిప్పే అలవాటు వైన్ దగ్గరే వదిలేయండి.

అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు మధ్యలో ఆపడం. పబ్బులో ముప్పావు పోసి, ఆపి, తర్వాత నింపడం చూసినవాళ్లు ఇంట్లో క్యాన్‌తోనూ అదే చేస్తారు. అది ట్యాప్ కోసం ఉన్న పద్ధతి. నైట్రోజన్ రాకముందు పబ్బుల్లో రెండు పీపాలు ఉండేవి, ఒకదానిలో పొంగు మీదున్న కొత్త స్టౌట్, ఇంకోదానిలో పాతబడి నిదానించిన స్టౌట్. రెండూ కలిపి, నురగ దిగేదాకా ఆగి గ్లాసు నింపేవాళ్లు. ట్యాప్ మారినా ఆగే అలవాటు నిలిచింది, ట్యాప్ దగ్గర అది బాగానే ఉంటుంది. క్యాన్‌ని సగంలో ఆపితే మాత్రం మిగిలిన సగం క్యాన్‌లోనే తేరుకుని చప్పబడుతుంది. రెండోసారి పోసింది మొదటిదాన్నీ పాడుచేస్తుంది. ఎవరేం చెప్పినా క్యాన్‌ని ఒక్క ధారలోనే పోయండి.

ఇప్పుడు గ్లాసుని బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి. మొదట అంతా పాలెక్కువైన టీ రంగులో ఉంటుంది. గ్లాసు గోడల వెంట బుడగలు పైకి పోకుండా కిందికి జారుతుంటాయి. కళ్లు మోసపోవడం లేదు, నిజంగానే జారుతున్నాయి. గ్లాసు పైకి వెడల్పు కావడం వల్ల మధ్యలో బుడగలు పైకి లేస్తాయి, అంచుల్లో బీరు కిందికి దిగుతూ చిన్న బుడగల్ని వెంట లాక్కుపోతుంది. లిమరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో దీన్ని లెక్కలు కట్టి చూపించారు. కాసేపటికి అడుగున నలుపు మొదలై పైకి పాకుతుంది. కంపెనీ ప్రకటనలు పోయడానికీ ఆగడానికీ కలిపి 119.5 సెకన్లు అంటాయి. గడియారం అక్కర్లేదు. నలుపుకీ నురగకీ మధ్య గీత కత్తితో కోసినట్టు తేలేదాకా ముట్టుకోవద్దు. గ్లాసుని దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే అది నలుపు కాదని, ముదురు కెంపు రంగని తెలుస్తుంది.

5. తాగడం

మొదట నురగని చప్పరించకండి. చేదు పదార్థాలు నురగలోకే ఎక్కువ చేరతాయి. మోచెయ్యి పైకెత్తి, పై పెదవి నురగలో ఉంచి, దాని కింది బీరుని నోటి నిండా తీసుకోండి. విస్కీలా చుక్క చుక్కగా తాగితే నోటికి నురగే తగులుతుంది. ముందు మెత్తదనం, వెనకే వేయించిన బార్లీ ఇచ్చే కాఫీ చేదు, సన్నటి పులుపు, చివర్లో నోరు ఆరిపోయినట్టుండే ముగింపు. ఈ వరుస తెలియాలంటే మొదటి రెండు గుక్కలూ మాట్లాడకుండా తాగాలి. గ్లాసు మీద గిన్నిస్ పేరులోని ‘జి’ అక్షరం దాకా ఒక్క గుక్కలో దించే పందెం ఈ మధ్య ఫ్యాషనైంది. నాకు నచ్చదు, రుచి చూడాల్సిన గుక్క కొలత చూడటంతోనే అయిపోతుంది. గ్లాసు దిగేకొద్దీ గోడల మీద నురగ ఉంగరాలు మిగిలితే మీ గ్లాసు శుభ్రమని అర్థం.

రంగు చూసి ఇది బరువైన బీరనుకుంటారు. డ్రాట్ గిన్నిస్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. పింట్‌కి రమారమి 210 కేలరీలు, చాలా లాగర్ల కంటే తక్కువే.

పక్కన ఏం తినాలి? ఐర్లాండ్‌లో గాల్వే వైపు పచ్చి ఆయిస్టర్లు, వెన్న రాసిన సోడా బ్రెడ్. ఆ ఉప్పుదనం స్టౌట్‌కి బాగా కుదురుతుంది. కారప్పూస, చికెన్ 65 మొదటి పింట్ దగ్గరికి రానివ్వకండి. కారంతో మండుతున్న నాలుకకి బార్లీ చేదు తెలియదు.

డబ్లిన్ వస్తే

గ్లాస్నెవిన్ శ్మశానం పక్కన 1833 నుంచి ఉన్న జాన్ కావనాకి వెళ్లండి, అందరూ ‘గ్రేవ్‌డిగ్గర్స్’ అంటారు. టీవీ లేదు, పాటలు లేవు. ఏ పబ్బులోనైనా అందరికీ కలిపి ఆర్డర్ ఇచ్చేటప్పుడు స్టౌట్‌ని ముందు చెప్పండి, అది తేరుకునేలోపు మిగతావి పోసేస్తారు. ముప్పావు నిండిన గ్లాసు కౌంటర్ మీద కనిపిస్తే మీదే అయినా చెయ్యి పెట్టకండి, దాన్ని ఇంకా నింపాలి. నురగ మీద పెద్ద బుడగలుంటే, లేదా మొదటి గుక్కలోనే పుల్లటి వాసన వస్తే, మొహమాటపడకుండా చెప్పండి. మంచి పబ్బు ఇంకో పింట్ పోసి ఇస్తుంది.