తక్కువ ఖర్చులో లాంగ్ రేంజ్ షూటింగ్‌కు రైఫిల్ స్కోప్ ఎంచుకోవడం ఎలా?

టెక్సస్‌లో నేను వెళ్లే షూటింగ్ రేంజ్‌కు కొత్తగా వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని ఎక్స్ తీసుకోవాలి?" ఎక్స్ అంటే స్కోప్ ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో ఆ లెక్క. నేనూ అదే అడిగాను. పెట్టె మీద 24 ఎక్స్ అని ఉంది, 120 డాలర్లకే వస్తోంది, కొనేశాను. గురి పెద్దగానే కనిపించేది. కానీ నాబ్ తిప్పి 400 గజాలు కొట్టి, మళ్లీ వెనక్కి తిప్పి 100 గజాలకు వస్తే తూటా పొద్దున పడిన చోట పడేది కాదు. తప్పు తుపాకీదా, తూటాదా, నాదా అని నెల రోజులు బుర్ర పాడుచేసుకున్నాను. అరువు తెచ్చిన స్కోప్ బిగించి చూశాక గానీ దొంగ దొరకలేదు.

అందుకే చెబుతున్నాను, డబ్బు మొదట పెట్టాల్సింది ఆ నాబ్ మీద. గురిని పైకీ కిందికీ సర్దే ఆ నాబ్‌నే టరెట్ అంటారు. ఎక్స్‌ల సంగతి తర్వాత.

ముందు మీ వీసా చూసుకోండి

అమెరికాలో హెచ్‌1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు. ఇంకో మాట: రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణల కిందికి వస్తాయి. ఊళ్లో బావమరిది అడిగాడని సూట్‌కేసులో పడేసుకుని బయల్దేరకండి.

ఎంత దూరం, ఏ తూటా?

తూటా గీత గీసినట్టు వెళ్లదు, బయటికొచ్చిన క్షణం నుంచే కిందికి దిగుతుంది. ఆ దిగుడుకు సరిపడా స్కోప్‌ను పైకి సర్దాలి. ఈ సర్దుబాటును కోణంలో కొలుస్తారు. ఒక డిగ్రీలో 60వ వంతు ఒక ఎంఓఏ, అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం. .308 (అంగుళాల్లో తూటా వెడల్పు) రైఫిల్‌ను 100 గజాలకు సరిచేసి పెట్టుకుంటే 500 గజాలకు 11 ఎంఓఏ, 1000 గజాలకు 35 నుంచి 40 దాకా పైకి తిప్పాలి. తూటాను బట్టి, గాలిని బట్టి ఇది కాస్త మారుతుంది.

చిన్నదే కదా అని .22ను తీసిపారేయకండి. 50 గజాలకు సరిచేసిన .22 కూడా 200 గజాలకు 20 ఎంఓఏ పైమాటే అడుగుతుంది. చవకగా నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు.

ఇప్పుడు స్కోప్ వివరాల్లో 'మొత్తం ఎలివేషన్', అంటే నాబ్ అడుగు నుంచి పైదాకా మొత్తం ఎంత తిరుగుతుందో, ఎంత రాశారో చూడండి. 60 ఎంఓఏ అని ఉంటే, మామూలుగా బిగించినప్పుడు పైకి తిప్పుకోవడానికి మిగిలేది అందులో సగమే. 1000 గజాలకు చాలదు. తుపాకీ మీద స్కోప్‌ను కూర్చోబెట్టే పట్టీని రైల్ అంటారు; ముందుకు కొద్దిగా వాలి ఉండే 20 ఎంఓఏ రైల్ మీద బిగిస్తే ఆ మేరకు కలిసొస్తుంది. గొట్టం 30 మిల్లీమీటర్లది అయితే, అంగుళం గొట్టంతో పోలిస్తే మామూలుగా తిప్పుకోవడానికి చోటు ఎక్కువ.

ఎక్స్‌ల మోజు తగ్గించుకోండి

4-16×44 అంటే 4 నుంచి 16 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 44 మిల్లీమీటర్లు. 600 గజాల వరకు 10 నుంచి 16 ఎక్స్ దండిగా సరిపోతుంది. టెక్సస్ ఎండలో మధ్యాహ్నం 24 ఎక్స్‌కి పెట్టి చూడండి, గురి నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతుంది. గురితో పాటు ఎండమావి కూడా పెద్దదవుతుంది మరి. పైగా చవక స్కోపుల్లో జూమ్ పెంచేకొద్దీ బొమ్మ మసకబారుతుంది.

అసలు ఎక్సే లేకుండా పతకాలు కొట్టినవాళ్లున్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ పోటీల్లో పెద్దదిగా చూపే స్కోప్‌కు అనుమతే లేదు, చిన్న రంధ్రాల్లోంచి చూసి కొట్టాల్సిందే.

గీతలూ నాబూ ఒకే భాష మాట్లాడాలి

స్కోప్ లోపల కనిపించే గీతల్ని రెటికిల్ అంటారు. మిల్, ఎంఓఏ రెండూ కొలతలే, ఏదైనా మంచిదే. తోటివాళ్లు ఏది వాడుతుంటే అది తీసుకోండి, మాటలు కలుస్తాయి. గీతలు మిల్‌లో ఉండి నాబ్ ఎంఓఏలో ఉన్నది మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. ఒక మిల్ అంటే 3.44 ఎంఓఏ. ప్రతి దెబ్బకీ లెక్కలేసుకుంటూ కూర్చోవాలి.

రెండూ ఒకటైతే పని ఎంత తేలికో చూడండి. తూటా గురికి కింద ఎక్కడో మట్టి లేపింది. గీతల మీద చూస్తే 1.5 మిల్ కింద. నాబ్ క్లిక్కుకు 0.1 మిల్. 15 క్లిక్కులు పైకి, మళ్లీ కొట్టు. అంతే.

జూమ్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోప్ అయితే ఈ కొలత ఏ జూమ్‌లోనైనా నిజం. గీతలు ఒకే సైజులో ఉండే సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో సాధారణంగా గరిష్ఠ జూమ్‌లోనే నిజం. గురి దూరాన్ని బట్టి పారలాక్స్ సర్దుకునే నాబ్ కూడా ఉండాలి. అది లేకపోతే తల కాస్త కదిలినా గీతలు గురి మీద జారుతాయి. .22 వాడేవారు అది ఎంత దగ్గరి నుంచి పనిచేస్తుందో చూసుకోవాలి.

ఎంత పెట్టాలి?

దాదాపు 300 నుంచి 500 డాలర్లు. వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ టాక్టికల్ 4-16×44, ఆర్కెన్ ఈపీ5, ఎస్‌డబ్ల్యూఎఫ్‌ఏ వారి జూమ్ లేని 10×42 కొత్తవాళ్ల చేతుల్లో తరచూ కనిపిస్తాయి. ఆర్కెన్ నాబ్ బాగుంటుంది గానీ స్కోప్ కిలో పైనే బరువు. మోసుకు తిరిగేవాళ్లకు నేను చెప్పను. పూర్తిగా కొత్తవాళ్లకైతే డైమండ్‌బ్యాక్ చాలంటాను. స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే రింగులకు ఇంకో 50 నుంచి 100 డాలర్లు పక్కన పెట్టుకోండి. స్కోప్ మంచిదైనా రింగు వదులైతే పాత కథే.

బిగించడం

జూమ్ గరిష్ఠంగా పెట్టి, కళ్లు మూసుకుని సహజంగా చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. బొమ్మ నిండుగా, అంచుల్లో నలుపు లేకుండా కనిపించేదాకా స్కోప్‌ను జరపండి. కంటికి మరీ దగ్గరగా పెడితే పేలినప్పుడు అంచు కనుబొమ్మను కోస్తుంది. మా రేంజ్‌లో ఆ అర్ధచంద్రం మచ్చ ఉన్నవాళ్లు ఇద్దరున్నారు. రింగు స్క్రూల బిగింపు చాలావరకు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు (బిగించే బలానికి కొలత). రింగుతో వచ్చిన కాగితంలో వేరేలా ఉంటే అదే ఖాయం. చేతి బలం చూపిస్తే గొట్టం నొక్కుకుపోతుంది.

వాపసు గడువులోపే పరీక్షించండి

100 గజాలు కచ్చితంగా కొలిచి, నాలుగడుగుల కాగితం నిలువుగా పెట్టండి. దారానికి బరువు కట్టి వేలాడదీసి, దాని వెంట నిలువు గీత గీయండి. అడుగున ఒక చుక్క. ఆ చుక్కకే గురిపెట్టి మూడు తూటాలు. నాబ్‌ను 8 మిల్ పైకి తిప్పి, మళ్లీ అదే చుక్కకు మూడు. రెండు గుంపుల మధ్య 28.8 అంగుళాలు రావాలి. 28 వస్తే కంగారొద్దు. ప్రతిసారీ అంతే వస్తుంటే ఏ దూరానికి ఎంత తిప్పాలో లెక్కగట్టే బాలిస్టిక్ యాప్‌లో ఆ తేడా నింపుకోవచ్చు. పై గుంపు గీతను వదిలి పక్కకు పోతే స్కోప్ వంకరగా కూర్చుందేమో చూడండి.

తర్వాత నాబ్‌ను సున్నాకు తెచ్చి మరో మూడు. ఇవి మొదటి గుంపులో కలవాలి. స్క్రూలు మళ్లీ చూసుకుని, ఇంకోసారి కొట్టినా కలవకపోతే ఇక ఆలోచించకుండా వెనక్కి పంపండి. అప్పటిదాకా పెట్టె, బిల్లు పారేయకండి.