టమాట ఆకుల్ల టూటాను ఫోన్‌తోని పట్టుకునుడు

మా సిరొంచ (మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా) దిక్కు గోదావరి ఒడ్డుకు టమాట, వంకాయ పెట్టేటోళ్లు అందరు అడిగేది ఒక్కటే, అన్నా ఫోటో కొడితే పురుగు పేరు చెప్పే యాప్ ఏది మంచిది అని. ఇక్కడ చెప్పేది టూటా గురించి, టమాట ఆకు లోపల దూరి తినే చిన్న పురుగు అది. యాప్ సంగతి తర్వాత, ముందు దేని ఫోటో కొడుతున్నమో చూసుకోవాలె.

నేను కూడా మొదట్ల లైటు కాడికొచ్చిన రెక్కల పురుగును కొట్టి పెట్టిన, ఒక యాప్ మూడు ఫోటోలకు మూడు పేర్లు చెప్పింది. దాని తప్పు గూడ కాదు లెండి. టూటా తల్లి పురుగు అర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ, బూడిద రంగుల నల్ల చుక్కలతోని ఉంటది, ఆలుగడ్డను తొలిచేది గూడ ఇంచుమించు గట్లనే ఉంటది, సైంటిస్టులే దాని కడుపు కోసి మైక్రోస్కోప్ కింద చూసి తేలుస్తరు.

అందుకే ఆకును, ఆకు లోపలి పిల్ల పురుగును కొట్టాలె. పొద్దుగాల ఆకును ఎండకు అడ్డం పట్టండి. పాము పోయినట్టు సన్నటి వంకర గీత ఉంటే అది ఆకు తొలిచే ఈగ, మనోళ్లు పాముపొడ అంటరు గదా, అదే. గీత కాకుండ వెడల్పు మచ్చ లెక్క పొర లేచి లోపల నల్లటి లద్దె కనిపిస్తే టూటా మీద అనుమానం పెట్టుకోవచ్చు. పిన్నీసుతోని పొర చించి పురుగును తెల్ల కాగితం మీదికి తియ్యండి. ఈగ పిల్లకు కాళ్లుండయి, టూటాకు కాళ్లు, గోధుమ రంగు తల ఉంటయి, పెరిగితే 7-8 మిల్లీమీటర్లు. అసలు గుర్తు మెడ మీద ఉంటది: తల వెనకాల సన్నటి నల్ల పట్టీ, అది గూడ నడిమిట్ల తెగినట్టు. ఆలుగడ్డ పురుగుకైతే మెడ మొత్తం ముదురు గోధుమ రంగే. ఈ పట్టీ క్లియర్‌గ పడేదాక కొడుతనే ఉండండి, జూమ్ చెయ్యకండి, మసకైతది, ఫోన్‌కు క్లిప్ పెట్టే మాక్రో లెన్స్ దొరుకుతది అది వాడండి.

ఇగ యాప్‌లు. ప్లాంటిక్స్ తెలుగుల ఉంది, ఆకు ఫోటోకు అది బాగనే ఉంటది. కేంద్ర వ్యవసాయ శాఖది ఎన్‌పీఎస్‌ఎస్ (పురుగుల మీద నిఘా పెట్టే యాప్) 2024 ఆగస్టుల వచ్చింది, అందుల గూడ ఫోటో పెట్టి అడగొచ్చు. ఐనాచురలిస్ట్‌ల మిషన్ చెప్పినంక మనుషులు గూడ చూసి సరిచేస్తరు, నాకు అదే నచ్చుతది, కాని లొకేషన్ దాచిపెట్టే ఆప్షన్ నొక్కండి, లేకుంటే మన చేను మ్యాప్‌ల అందరికి కనపడ్తది. లెప్‌ఇంటర్‌సెప్ట్ అని పిల్ల పురుగులను గుర్తులు చూసి పోల్చుకునే కీ ఒకటి వెబ్‌సైట్‌ల ఫ్రీగ ఉంది, మొత్తం ఇంగ్లీషే, అయినా బొమ్మలు చూసి మన ఫోటో పక్కన పెట్టుకోవచ్చు. ఒక యాప్ టూటా అబ్సొల్యూటా అని, ఇంకోటి థోరిమియా అబ్సొల్యూటా అని చూపిస్తే బేజారు కావద్దు, రెండు ఒక్కటే, 2021ల పేరు మార్చిన్రు. మన దేశంల ఇది మొదట దొరికింది గూడ మన మహారాష్ట్రల్నే, 2014ల పుణె దిక్కు టమాటల్ల.

యాప్ చెప్పంగనే మందుల షాపుకు ఉరకద్దు. చేన్ల టూటా ల్యూర్ (ఆడ పురుగు వాసన ఇచ్చి మగ పురుగులను పిలిచేది) పెట్టిన లింగాకర్షక బుట్ట కట్టి రెండు మూడు రాత్రులు చూడండి, మగ పురుగులు పడితే ఆకు మీద అనుమానం గట్టిపడ్డట్టే. ఆ ల్యూర్‌కు వంకాయ కొమ్మ, కాయ తొలిచే పురుగు రాదు, దాని ల్యూర్ వేరే, దాన్ని గుర్తుపట్టుడు గూడ సుళువే, తెల్ల రెక్కల మీద గోధుమ మచ్చలు, పిల్ల పురుగు గులాబి రంగు.

గడ్చిరోలి కృషి విజ్ఞాన కేంద్రం మనకు దాదాపు 200 కిలోమీటర్లు, ఊకె పోలేము, కాబట్టి పోయినప్పుడు ఫోటోలతోని పాటు పురుగున్న ఆకులు గూడ కాగితంల చుట్టి మూతున్న డబ్బాల పెట్టుకొని పోండి.