తలుపు తోసే ‘ఒక్క నిమిషం’

బెంగళూరులో సంస్థ నడుపుతున్నవారి ధ్యాసను పొద్దున్నే చెదరగొట్టేది పోటీదారు కాదు, చేతిలోని వాట్సాప్. ఆఫీసుకు చేరేలోపే నలభై సందేశాలకు జవాబిచ్చిన యజమాని, ఆ రోజు తాను స్వయంగా తేల్చవలసిన ఒక్క విషయాన్ని సాయంత్రం దాకా ముట్టుకోడు. అందుకే ఆ విషయాన్ని ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకోండి. ‘అమ్మకాలు పెంచాలి’ అని కాదు, ‘పీణ్య యూనిట్‌కు రెండో లేత్ మెషీను కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా’ అన్నంత స్పష్టంగా ఉండాలి.

గడువులను బుర్రలో మోయకండి. నెలనెలా జీఎస్‌టీ రిటర్నులు వేసేవారికి, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1కు మరుసటి నెల 11వ తేదీ, పన్ను లెక్క తేల్చే 3బీకి 20వ తేదీ. చెల్లింపుల్లోంచి ముందే మినహాయించిన పన్ను, అంటే టీడీఎస్, కట్టడానికి మార్చి నెలది తప్ప మిగతావాటికి మరుసటి నెల 7వ తేదీ. ఇవి అకౌంటెంటు చూసుకోవలసినవి, మీకు రెండు రోజుల ముందు ఒక్క మాట చెబితే చాలు.

వైట్‌ఫీల్డ్ వైపు వెళ్లేవారికి 2023 నుంచి మెట్రో ఉంది. సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్‌లో కారులో కూర్చుని ఫోనులో కేకలేయడం కంటే, రైలులో ఒక ఫైలు చదవడం మేలని నా అభిప్రాయం.

అన్నిటికన్నా కష్టమైనది తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా తలుపు మూసుకోవడం. ప్రమాదం జరిగినా, యంత్రం ఆగినా, పెద్ద ఖాతాదారు అలిగినా మాత్రమే పిలవమని సిబ్బందికి ముందే చెప్పండి. అయినా మొదటి వారం ‘సార్, ఒక్క నిమిషం’ అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, ఆ నిమిషం ఇరవై అవుతుంది. విసుక్కోకుండా, తలుపు పక్కన పెట్టిన నోటుపుస్తకంలో రాయమనండి. పదకొండింటికి దాన్ని తెరిచేసరికి సగం సమస్యలను వాళ్లే పరిష్కరించుకుని కొట్టేసి ఉంటారు.