రాగి రేకును మడిచి ఆకు చేయడం

మడతతో లోహానికి రూపమిచ్చే ఈ పద్ధతిని 1980లలో లోహ కళాకారుడు చార్లెస్ లూటన్-బ్రెయిన్ అభివృద్ధి చేశారు. మొదటి ఆకుకు 0.3 మి.మీ. రాగి రేకు, 6×12 సెం.మీ. ముక్క తీసుకోండి. జింకు పూత ఉన్న రేకు మాత్రం వద్దు, కాలిస్తే విషపు పొగ వస్తుంది.

గాలి ఆడే చోట, వెలుతురు తక్కువగా ఉంచుకుని, గ్యాస్ మంట టార్చ్‌తో రేకును మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచండి. రాగి మెత్తబడుతుంది. నిలువుగా సగానికి మడిచి, మడతను సుత్తితో అణచండి. ఆ మడతే ఆకు నడిమి ఈనె. తెరిచి ఉన్న వైపున సగం ఆకు ఆకారం గీసి, రెండు పొరలూ కలిపి కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దండి.

అసలు పని ఇక్కడుంది. దాగలి (ఇనుప దిమ్మ) మీద పెట్టి, పలక మొన సుత్తితో (ఒక కొస మొద్దు ఉలిలా సన్నగా ఉండేది) కత్తిరించిన అంచు వెంట కొట్టండి. మొన అంచుకు అడ్డంగా పడాలి. అప్పుడే అంచు పొడవుగా సాగి, ముక్క మడత వైపు వంగుతుంది. సుత్తి గాట్లే పక్క ఈనెల్లా కనిపిస్తాయి, కాబట్టి వాటిని సమాన దూరంలో వేయండి. మధ్యమధ్యలో తిరగేయండి, లేకపోతే పై పొర ఎక్కువ సాగి రెండు సగాలూ కుదరవు.

రేకు బిరుసెక్కి, దెబ్బకు సాగడం మానితే ఆపి మళ్లీ కాల్చండి. విప్పే ముందూ కాల్చాల్సిందే. తొందరపడితే ఈనె వెంట పగులుతుంది, అతకడం కష్టం. మొండి కత్తితో పొరలు విడదీసి, వేళ్లతో మెల్లగా తెరవండి. నలుపు పోవడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చని నీళ్లు చాలు.